ప్రసంగం ముగిశాక పని ఎవరిది?

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీలో మేము కొందరం స్వచ్ఛందంగా ఒక గ్రంథాలయాన్ని నడుపుతున్నాము. నిరుడు ఒక వక్తను పిలిపించి ప్రేరణ ప్రసంగం పెట్టించాము. సభ్యుల ఉత్సాహం నెల తిరగకముందే చల్లారింది. మళ్ళీ పిలవడం దండగేనా?
– ఒక కార్యదర్శి, విశాఖపట్నం

జవాబు: ప్రసంగం ఉత్సాహాన్ని రగిలిస్తుంది గాని పనిని పంచిపెట్టదు. తాడు లాగే మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని ఫ్రెంచి ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ 1913లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఏనాడో గ్రహించారు. మీ మినిట్స్ పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. "పైకప్పు మరమ్మతు చూడాలి" అన్న తీర్మానం పక్కన పేరు గాని తేదీ గాని లేకపోతే, ఎంతటి వక్త వచ్చినా ఆ కప్పు కారుతూనే ఉంటుంది.

కాబట్టి ఈసారి వక్తకు ఆ పుస్తకం ముందుగానే పంపి, గంట ప్రసంగానికి బదులు అరగంట మాట్లాడి, మిగిలిన సమయంలో ఎవరు ఏ పని ఏ తేదీకి చేస్తారో సభ్యుల చేతనే రాయించమని కోరండి. జీతం లేని చోట ఆజ్ఞలు చెల్లవు గనుక, ఎవరి పనిని వారే ఎంచుకోవాలి. ఉక్కు కర్మాగారంలోనో ఓడరేవులోనో పనిచేసి విరమించిన వారు మీలో ఉంటే, షిఫ్టు మొదట్లో పని పంచుకోవడం వారికి కొట్టిన పిండి. నిర్వహణ వారికే అప్పగించండి. మూడు నెలలకు వక్త తిరిగి వచ్చి ఆ జాబితాను సభ్యులతో కలిసి చూసేలా ముందే మాట్లాడుకోండి.