బుజ్జమ్మకి, ఆ పాత బండి గురించి

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "దానికి పిచ్చెక్కిందిరా, పాత బైకు కొంటానంటోంది. నువ్వు చెబితే వింటుంది, మాన్పించు" అంది. సరేనన్నాను. తర్వాత నువ్వు పంపిన ఫోటోలు చూస్తూ కూర్చున్నాను, తెల్లారిపోయింది. సగం భయం, సగం ఈర్ష్య. ఈ వయసులో ఈర్ష్యేమిటని నవ్వకు. హోండా వాళ్ల పెద్ద బైకు గోల్డ్‌వింగ్ 1500ని చూసి ఊరుకునే మనిషిని కాదని నీకు తెలుసు కదా.

కాబట్టి మాన్పించను. కానీ నీ మెసేజ్‌లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "1998 మోడల్ మామయ్యా, కాగితాల్లో ఉంది" అన్నావు. కాగితాల్లో ఉన్నది బండి రిజిస్టర్ అయిన ఏడాది కావచ్చు. బండి పుట్టిన ఏడాది వేరు, మోడల్ ఏడాది వేరు, రిజిస్టర్ అయిన ఏడాది వేరు. అమ్ముడుపోక షోరూంలో రెండేళ్లు నిలబడిన బండి కూడా కాగితాల్లో కొత్తదే.

టైర్లు, బ్రేకులు, ఫోర్కుల దగ్గర ఆయిల్ కారడం, తుప్పు, ఇవన్నీ నువ్వు చూసుకుంటావు. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్ని మాత్రం బండి వయసు అనుకోకు. 2319 అంటే 2019లో 23వ వారం తయారైన టైరు, అంతే.

ముందు ఫ్రేమ్ నంబర్, అంటే బండి చట్రం మీద చెక్కిన నంబర్. హ్యాండిల్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పి స్టీరింగ్ హెడ్ మీద, అంటే హ్యాండిల్ తిరిగే చోట చట్రం మీద, టార్చ్ వెయ్యి. 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు ఉండవు. ఒకటితో, సున్నాతో కలిసిపోతాయని వాటిని వాడరు. బండి అమెరికా, కెనడా మార్కెట్ కోసం చేసిందైతే వరుసలో పదోది మోడల్ ఏడాది చెబుతుంది. వి అయితే 1997, డబ్ల్యూ అయితే 1998, ఎక్స్ 1999, వై 2000. 2001 నుంచి అంకెలు మొదలవుతాయి. వేరే దేశాల కోసం చేసిన బండిలో పదో స్థానం ఏడాదే చెప్పాలని లేదు, అప్పుడు మొత్తం నంబర్ పట్టుకుని కంపెనీ డీలర్‌ని అడుగు. ట్యాంకు మీద స్టిక్కరూ, పక్కన బ్యాడ్జీ ఏం చెప్పినా నమ్మకు. అవి స్క్రూడ్రైవర్‌తో ఊడొస్తాయి.

ఇంజిన్ ఏదన్నది మోటుగా తెలుసుకోవడం తేలికే, సిలిండర్లు లెక్కపెట్టు. 1975లో వచ్చిన గోల్డ్‌వింగ్ 1000, తర్వాతి 1100, 1200, ఈ మూడింటికీ నాలుగే సిలిండర్లు. 1988లో 1500 వచ్చాక ఆరయ్యాయి, పక్కకి మూడు చొప్పున. ఆరు సిలిండర్లుండి కార్బ్యురేటర్లు ఉన్నాయంటే 1500, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉందంటే 2001లో వచ్చిన 1800. అసలు చిక్కు ఇక్కడ కాదు. 1988 నుంచి 2000 మోడల్ దాకా 1500లన్నిటికీ ఒకే 1520 సీసీ ఇంజిన్ వాడారు. 1989 ఇంజిన్ తీసి 1998 ఫ్రేమ్‌లో పెట్టినా చూసినవాడికి తేడా తెలియదు.

నాకూ తెలియలేదు.

నీకప్పుడు మూడేళ్లు. నేను కొన్నది వేరే కంపెనీ బండి, పేరెందుకులే, తప్పు కంపెనీది కాదు. టైమింగ్ బెల్టులు, అంటే పిస్టన్లతో లయ తప్పకుండా వాల్వుల్ని ఆడించే రబ్బరు బెల్టులు, ఉన్న ఇంజిన్. అమ్మినవాడు పెద్దమనిషి, కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాడు. నేను ఏడాది చూశాను, ఫ్రేమ్ నంబర్ సరిచూశాను, సంతోషంగా సంతకం పెట్టాను. ఇంజిన్ నంబర్ క్రాంక్‌కేసు, అంటే ఇంజిన్ అడుగు భాగపు పెట్టె, కింద వైపు ఉంది, దాని మీద వేలు మందాన గ్రీజు, మట్టి. వంగి తుడవాలి. కొత్త ప్యాంటు వేసుకున్నాను, బుజ్జమ్మా. ఆ ప్యాంటు కోసం తుడవలేదు.

బెల్టులు కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతోనూ పాడవుతాయి. నడపకుండా షెడ్లో పెట్టినా రబ్బరు ముదురుతుంది. నాకది తెలుసు. కాగితాల్లో ఏడాది తీసుకుని వేళ్ల మీద లెక్కేసి, ఇంకా రెండేళ్లు ఆగొచ్చు అనుకున్నాను. ఎనిమిదో నెలలో, ఎత్తుకి ఎక్కే రోడ్డు మీద, వెనక మీ అత్తయ్య కూర్చుని ఉండగా, కాళ్ల మధ్య ఎవరో కర్ర విరిచినట్టు టప్‌మంది. ఆ తర్వాత చప్పుడే లేదు. క్లచ్ పట్టుకున్నాను కానీ ఎక్కే రోడ్డు కదా, బండి దొర్లదు. వెనక లారీ. ఎలాగో అంచుకి లాగాను. లారీ గాలికి మీ అత్తయ్య చున్నీ ఎగిరి నా మొహాన కొట్టుకుంది. "ఏమైందండీ?" అంది. పెట్రోల్‌లో చెత్త వచ్చినట్టుందని చెప్పాను. చేతులు వణుకుతున్నాయని హెల్మెట్ తియ్యడానికి పది నిమిషాలు ఆగాను.

మెకానిక్ కిరోసిన్ గుడ్డతో ఆ గ్రీజంతా తుడిచాడు. రెండు నిమిషాల పని. కింద నంబర్ బయటపడింది, కాగితాల్లో ఉన్నది కాదు. పార్టుల కేటలాగ్‌లో వరుస నంబర్లు చూస్తే ఆ ఇంజిన్ ఫ్రేమ్ కంటే ఆరేళ్లు పెద్దది. బెల్ట్ తెగాక పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని కొట్టాయి. ఒక్కటి కూడా తిన్నగా మిగల్లేదు. అదొక ఎత్తు, ఆ ఇంజిన్ ఎవరిదో, దొంగిలించింది కాదు కదా అని తేలేదాకా నేను పడ్డ టెన్షన్ ఒక ఎత్తు.

అందుకే నువ్వు పాత బట్టలు వేసుకుని వెళ్లు. కిరోసిన్, గుడ్డ, తెల్లకాగితం, మెత్తటి పెన్సిల్ తీసుకెళ్లు. క్రాంక్‌కేసు మీద ఇంజిన్ నంబర్ ఎక్కడుందో ఓనర్స్ మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. శుభ్రంగా తుడిచి, ఆరాక, కాగితం ఆనించి పెన్సిల్ పడుకోబెట్టి రుద్దు. కంటికి కనిపించనివి కాగితం మీద కనిపిస్తాయి. ఒక అంకె లోతుగా, పక్కది పైపైన ఉండటం, వెనకాల గ్రైండర్ గీతలు, అలాంటివి. నంబర్ చుట్టూ మాత్రమే కొత్త పెయింట్ ఉంటే ఇంకేం మాట్లాడకుండా వచ్చెయ్యి.

1500 అయితే ఫ్రేమ్ నంబర్‌లో ఆ మోడల్ గుర్తు ఎస్‌సి22 అని, ఇంజిన్ నంబర్ మొదట్లో ఎస్‌సి22ఇ అని ఉండాలి. ఆ తర్వాతి అంకెలు రెండింటిలోనూ ఒకటే ఉండవు, దానికి కంగారుపడకు. ఫ్యాక్టరీ నుంచే అలా వస్తాయి. చూడాల్సింది కాగితాల్లో రాసిన ఇంజిన్ నంబర్‌తో కలుస్తుందా అని. కాగితాల్లో లేకపోతే డీలర్ దగ్గర ఆ నంబర్ ఏ ఏడాదిదో కనుక్కో. ఇంజిన్ మార్చడం నేరమేం కాదు, మార్చినట్టు రుజువు చూపిస్తే కొనొచ్చు. చూపించకుండా "అన్నీ ఒరిజినలే మేడమ్" అంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఏడాది ఏదైనా తేలనీ, కొన్న వెంటనే 1500కి ఉండే రెండు టైమింగ్ బెల్టులూ మార్పించు. "మొన్ననే వేయించాం" అంటాడు. వేయించనీ. బిల్లు చూపించినా మార్పించు. ఇది సలహా కాదు, ఆర్డర్. దీనికి డబ్బు తక్కువైతే నన్ను అడుగు, మీ అమ్మని కాదు.

నీ చిన్నప్పుడు ఆ బండి ట్యాంకు మీద కూర్చోబెడితే రెండు చేతులతో స్పీడోమీటర్ పట్టుకుని దిగనని ఏడ్చేదానివి. బండి వర్క్‌షాపులో ఉన్న నెలలన్నీ "మామా, డుర్రు ఏదీ" అని అడిగావు. నీకు ఈ పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందని మీ అమ్మ నన్నే తిడుతోంది, తిట్టనీ.

శనివారం చూడ్డానికి వెళ్తున్నావుగా. సంతకం పెట్టకముందే ఆ పెన్సిల్ కాగితం ఫోటో నాకు పంపు, ఎంత రాత్రయినా సరే. ఈ ఉత్తరం మాత్రం మీ అత్తయ్య కంట పడనివ్వకు. ఆవిడ లెక్కలో అది ఇప్పటికీ పెట్రోల్‌లో చెత్తే.

మీ మామయ్య