పది రోజులు, ఒకే ఊరు, మీరిద్దరే

ప్రశ్న: నా వయసు 57. రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయురాలిని. మావారు నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి నిరుడు రిటైరయ్యారు. పెళ్ళయిన 32 ఏళ్ళలో మేమిద్దరమే కలిసి ఎక్కడా నాలుగు రోజులు గడిపింది లేదు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దసరా సెలవుల్లో మా కోసం ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో సిరాక్యూస్ అనే పాత ఊళ్ళో, సముద్రానికి దగ్గరగా ఒక చిన్న ఇల్లు పది రోజులకు మాట్లాడింది. మావారేమో "పది రోజులు ఒకే ఊళ్ళో కూర్చుని ఏం చేస్తాం?" అంటూ, ఆరు దేశాలు తిప్పే గ్రూప్ టూర్‌కు వెళ్దామంటున్నారు. లేకపోతే అమ్మాయిని కూడా వచ్చి మాతోనే ఉండమని అడుగుతానంటున్నారు. నాతో ఒంటరిగా ఉండటం ఆయనకు ఇష్టం లేదనిపిస్తోంది. నిజం చెప్పాలంటే, ఇద్దరమే ఉంటే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదేమోనని నాకూ భయంగానే ఉంది. మా అమ్మ మంచం పట్టినప్పుడు ఆయన నాకు తోడుగా రాలేదు. ఆ విషయం కూడా అక్కడే తీరిగ్గా అడగాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో చివరికి వచ్చి చెప్పిన భయమే అసలు విషయమని నాకు అనిపిస్తోంది కాబట్టి ముందు దాని గురించే మాట్లాడతాను. 32 ఏళ్ళ పాటు ఒక ఇంటిని నడిపిన దంపతులు రోజూ మాట్లాడుకుంటూనే ఉంటారు. అయితే ఆ మాటలు పిల్లల ఫీజుల గురించీ, పెద్దవాళ్ళ మందుల గురించీ, బంధువుల పెళ్ళిళ్ళలో పెట్టాల్సిన బట్టల గురించీ సాగుతాయి. ఆ బాధ్యతలు ఒక్కొక్కటే తీరిపోయేకొద్దీ మాటలు తగ్గిపోవడం సహజం. దాన్ని ఇష్టం లేకపోవడంగా లెక్కవేసుకోకండి. మీ ఇద్దరికీ ఇప్పటిదాకా వేరే రకం మాటలకు తీరిక చిక్కలేదు, అంతే.

ఇక మీవారి మాట. "నాతో ఉండటం ఆయనకు ఇష్టం లేదు" అన్నది మీరు చెప్పుకున్న అర్థం. ఆయన అడిగింది "ఏం చేస్తాం?" అని మాత్రమే. దీన్ని నిందగా కాక నిజమైన ప్రశ్నగా తీసుకోండి. కాలువలకు నీళ్ళు వదిలే తేదీలతో, వరద రోజుల డ్యూటీలతో, ఫైళ్ళతో దశాబ్దాలు గడిపిన మనిషికి నిరుడు ఒక్కసారిగా పని లేకుండా పోయింది. ఇంట్లోనే రోజు బరువుగా గడుస్తున్నప్పుడు, తెలియని ఊళ్ళో, తెలియని భాష మధ్య, ఏ పనీ లేని పది రోజులు ఆయనకు సెలవులా కాక మరో ఖాళీలా కనబడుతూ ఉండవచ్చు. గ్రూప్ టూర్‌లో పొద్దున ఎన్నింటికి లేవాలో, ఎక్కడ తినాలో ఎవరో ఒకరు చెబుతారు. ఆయన కోరుకుంటున్నది ఆ భరోసాను.

అలాంటి టూర్లను నేను తప్పుపట్టను. మొదటిసారి విదేశానికి వెళ్ళేవారికి అవి ఎంతో ధైర్యాన్నిస్తాయి. కానీ తెల్లవారకముందే పెట్టెలు సర్ది, గంటల తరబడి బస్సులో కూర్చుని, రాత్రికి మరో ఊరి హోటల్లో వాలిపోయే ప్రయాణం మీ ఇద్దరికీ ఇప్పుడు కావలసినది కాదు. ఈ విషయంలో నేను పూర్తిగా మీ పక్షమే. మీ అమ్మాయి ఎంచుకున్న పద్ధతిని వదులుకోకండి. అయితే "నా మాట ఎప్పుడు విన్నారు గనక" అని కాకుండా, ఆయన ప్రశ్నకు జవాబు చెప్పి ఒప్పించండి.

ఆ జవాబు ఆ ఊళ్ళోనే ఉంది. సిరాక్యూస్ పాత పట్టణం ఒర్తీజియా అనే చిన్న దీవి మీద ఉంది. దాని పొడవు సుమారు ఒక కిలోమీటరు మాత్రమే. చిన్న వంతెనలు దాన్ని ప్రధాన భూభాగంతో కలుపుతాయి. దీవికి పడమటి ఒడ్డున, సముద్రానికి అడుగుల దూరంలో, అరెథూసా అనే మంచినీటి ఊట ఉంది. అందులో పాపిరస్ మొక్కలు పెరుగుతాయి. ఉప్పునీటి అంచున మంచినీళ్ళు ఎలా ఊరుతున్నాయో చూస్తూ ఒక నీటిపారుదల ఇంజినీరు ఎంతసేపు నిలబడిపోతారో ఊహించండి. ఆర్కిమెడీస్ పుట్టిన ఊరు ఇదే. క్రీస్తుపూర్వం 212లో రోమన్ సైన్యం నగరాన్ని పట్టుకున్నప్పుడు ఆయన చనిపోయిందీ ఇక్కడే. నీళ్ళను పైకి తోడే మర యంత్రం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఊరి నడిబొడ్డున ఉన్న కథీడ్రల్ మరీ విశేషం: క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఎథీనా దేవతకు కట్టిన గుడి స్తంభాల మధ్య గోడలు నింపి, 7వ శతాబ్దంలో దాన్ని చర్చిగా మార్చారు. 1693 భూకంపం తర్వాత ముందుభాగాన్ని కొత్తగా నిర్మించారు. పాత గ్రీకు స్తంభాలు లోపలా బయటా గోడల్లో ఇప్పటికీ కనబడతాయి. బరువు ఏ రాయి మోస్తోంది, ఏ గోడ తర్వాత వచ్చింది అని ఆయన మీకు చూపిస్తూ చెప్పే అవకాశం ఉన్న చోటు అది. పిల్లలకు పాఠం చెప్పి చెప్పి అలవాటైన మీరు, ఆ ఒక్క పూట వినేవారిగా ఉండి చూడండి.

రోజుకు ఒక్కదానికి మించి చూడవద్దని నా మనవి. పొద్దున అపోలో గుడి శిథిలాల పక్కన సాగే సంతకు వెళ్ళి టొమాటోలు, వంకాయలు, నిమ్మకాయలు, బాదం పప్పు తెచ్చుకుని మీ వంటింట్లోనే వండుకోండి. మధ్యాహ్నం చాలా దుకాణాలు కొన్ని గంటలు మూసేస్తారు. అప్పుడు ఎండలో తిరగకుండా మీరూ ఒక కునుకు తీయండి. సాయంత్రం ఊరివాళ్ళు కుటుంబాలతో నడకకు బయలుదేరినప్పుడు వాళ్ళతో పాటు మీరూ నడవండి. కొండరాతిని తొలిచి మెట్లుగా మలిచిన పురాతన గ్రీకు రంగస్థలం దీవికి ఆవల ఉంది, దానికి ఒక రోజు చాలు. (బియ్యం, పచ్చడి గురించి మీరు ఎలాగూ ఆలోచిస్తారు కాబట్టి ఒక మాట: పాలతో, మాంసంతో చేసిన పదార్థాలను బయటి దేశాల నుంచి సామానులో యూరప్ యూనియన్‌లోకి తీసుకురానివ్వరు, కనుక నెయ్యి సీసా పెట్టుకోకండి.)

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇది: రోజూ ఒకటి రెండు గంటలు విడివిడిగా గడపండి. ఆయన రేవు వైపు నడిచి వస్తారు, మీరు సముద్రపు గోడ మీద పుస్తకంతో కూర్చుంటారు. రోజంతా ఒకే దృశ్యాన్ని పక్కపక్కనే చూసినవారికి ఒకరికొకరు చెప్పుకునేది తక్కువగా ఉంటుంది. విడిగా చూసివచ్చినవారి దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. మొదటి రెండు రోజులు మౌనంగా గడిచినా కంగారుపడకండి, ఆ మౌనాన్ని ఫోన్లతో నింపకండి. అమ్మాయితో రోజుకు ఒక్కసారి మాట్లాడితే చాలు. ఆమెను రమ్మంటే చివరి రెండు రోజులకు రమ్మనండి. మొదటి నుంచీ ఉంటే మీ ఇద్దరి మాటలూ ఆమె ద్వారానే నడుస్తాయి.

మీ అమ్మగారి విషయాన్ని మాత్రం అక్కడికి మోసుకువెళ్ళవద్దు. మీ బాధ న్యాయమైనది, దాన్ని మింగేయమని నేను చెప్పడం లేదు. కానీ వెళ్ళడానికి వేరే గది గానీ, పలకరించడానికి మరో మనిషి గానీ లేని పరాయి ఊళ్ళో, సెలవు మధ్యలో ఈ ప్రశ్న వస్తే ఆయనకు అది ముందే వేసిన పథకంలా తోచవచ్చు, ఆ తర్వాత మిగిలిన రోజులు ఇద్దరికీ శిక్షే అవుతాయి. బయలుదేరడానికి కొన్ని వారాల ముందే, ఇంట్లో, ఒక సాయంత్రం చెప్పండి: "అమ్మ దగ్గర నేను ఒంటరిగా ఉన్న రోజులు ఇంకా నన్ను బాధపెడుతున్నాయండీ. మీరెందుకు రాలేకపోయారో నాకు ఎప్పుడూ చెప్పలేదు." ఆ తర్వాత ఆయన్ను చెప్పనివ్వండి. వెంటనే జవాబు రాకపోయినా, విషయం బయటపడింది కనుక తర్వాత ఎప్పుడైనా ఆయనే ఎత్తే వీలుంటుంది.

ఆలస్యం చేయడానికి మాత్రం వీల్లేదు. ఇటలీ వెళ్ళడానికి కావలసిన షెంగెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు బీమా కూడా ఉండాలి. అపాయింట్‌మెంట్లు సులువుగా దొరకవు కాబట్టి ఈ నెలలోనే నిర్ణయించుకోండి. ఆయన పూర్తిగా ఒప్పుకోకపోతే పది రోజుల్లో ఒక్క రోజును ఆయన ఇష్టానికి వదిలిపెట్టండి: ఎట్నా అగ్నిపర్వతం దగ్గరికో, నోతో పట్టణానికో వెళ్ళే ఏర్పాట్లన్నీ ఆయన్నే చూసుకోమనండి. ఏర్పాట్లు ఆయన చేతిలో ఉంటే ప్రయాణం మీద ఆసక్తి కలగవచ్చు.

ఒక్క విషయం గమనించండి. ఆయన విముఖత ఈ ప్రయాణం వరకే ఉందా, లేక రిటైరైనప్పటి నుంచీ నిద్ర, ఆకలి, స్నేహితులు, పత్రిక చదవడం వంటి వాటన్నిటి మీదా ఆసక్తి తగ్గిందా? రెండోదే అయితే అది మీ దాంపత్యానికి సంబంధించిన సమస్య కాకపోవచ్చు. టికెట్ల సంగతి పక్కనపెట్టి, ముందు ఆయన్ను వెంటబెట్టుకుని మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి.