గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చింది?

మహారాణిపేట,
విశాఖపట్నం

చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు.

నీ రాతప్రతి అందిందమ్మా. ప్రాథమిక పాఠశాల పిల్లలకి కథలోని భాగాలు ఎలా నేర్పాలో చెబుతూ ఒక టీచరు తన తోటి టీచర్ల కోసం పుస్తకం రాయడం మంచి పని. రెండు రాత్రులు కూర్చుని చదివాను. పబ్లిషరు సంగతి, రంగుల బొమ్మల సంగతి, ముందుమాట సంగతి అడిగావు. అవన్నీ తరవాత. నలభై రెండో పేజీ దగ్గర నాకు కోపం వచ్చింది. అది చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పేజీలో మీ బళ్ళో మూడో తరగతి చదివే జాలరి పిల్లాడు రాసిన మూడు వాక్యాలు ఎత్తి రాశావు. "మా అయ్య ఏటకెల్లాడు. ఇంకా రానేదు. అమ్మ పొయ్యి ఎలిగించనేదు." దాని కింద నువ్వు రాసిన మాటలు: "ఇది అసంపూర్ణ కథకు ఉదాహరణ. సమస్య ఉంది, పరిష్కారం లేదు. స్థలం, కాలం తెలపలేదు. నీతి లేదు."

ఆ మూడు వాక్యాలు చదివి నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. నలభై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను, అంత తక్కువలో అంత చెప్పడం నాకు చేతకాలేదు. స్థలం తెలపలేదంటావేమిటమ్మా? ఒక పక్క సముద్రం, ఒక పక్క పొయ్యి. ఆ రెంటి మధ్య గుమ్మంలో ఆ పిల్లాడు నిలబడి ఉన్నాడు. కాలం తెలపలేదా? పొయ్యి వెలిగించాల్సిన వేళ దాటిపోయింది. ఏడాదిలో ఏ రోజులు కావో కూడా అందులోనే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మోటారు బోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లోనైతే వాళ్ళ అయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఉండేవాడు. కథ భాగాలు నింపమని పిల్లలకి ఇచ్చిన నీ పట్టికలో "కాలం" అన్న గడికి ఎదురుగా "ఒకానొక రోజు" అని నమూనా జవాబు ఇచ్చావు. ఆ పిల్లాడు నీకంటే కచ్చితంగా రాశాడు.

ఇక అమ్మ. ఆవిడ భయపడిందని గాని, ఏడ్చిందని గాని వాడు రాయలేదు. పొయ్యి వెలిగించలేదని రాశాడు. ఎందుకు వెలిగించలేదు? వండటానికి చేప రాలేదనా, వండబుద్ధి కాలేదనా? ఆ "ఎందుకు" చదివేవాడి గుండెలో పడాలి, పడింది. ఇంతకంటే కథకి ఏం కావాలి?

నాకు తెలిసిందల్లా ఇదొక్కటే, దీని మీద ఎవరితోనైనా పోట్లాడతాను. కథ అంటే "ఎందుకు" అనే ప్రశ్న. పాత్రలు, స్థలం, కాలం, సంఘర్షణ అన్నీ ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ వెళ్ళేటప్పుడు దారిలో తగిలేవి. నువ్వు వాటిని ముందే గళ్ళలో పెట్టి పిల్లల చేత నింపిస్తున్నావు. గళ్ళు నిండుతాయి, పిల్లలకి కథ మాత్రం అందదు.

కథ నడక చూపించడానికి నీ చార్టు మీద వేసిన ఆ కొండ బొమ్మ ఎక్కడిదో నాకు తెలుసు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్సు మీటింగుల్లో అందరికీ పంచుతున్నారు. కింద నుంచి ఎక్కడం, శిఖరం, దిగడం. 1863లో గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత ఐదంకాల విషాదనాటకాలు ఎలా కట్టారో చెప్పడానికి గీసిన త్రికోణం అది. రాజులు కూలిపోయే నాటకాలకి వేసిన కొలత తెచ్చి ఎనిమిదేళ్ళ పిల్లల కథకి తొడిగితే పట్టదు.

పిల్లల మీద నిజంగా దృష్టి పెట్టి చూసినవాళ్ళూ ఉన్నారు. 1979లో నాన్సీ స్టెయిన్, క్రిస్టీన్ గ్లెన్ అనే ఇద్దరు అమెరికాలో ఒకటో తరగతి, ఐదో తరగతి పిల్లలకి కథలు వినిపించి తిరిగి చెప్పమన్నారు. వాళ్ళు కథని ఆరు ముక్కలుగా చూశారు: ఎక్కడ ఎవరు, ఏం జరిగి మొదలైంది, దానికి పాత్ర మనసులో ఏమనిపించింది, ఏం ప్రయత్నించింది, ఏమైంది, చివరికి ఎలా ఉంది. తిరిగి చెప్పేటప్పుడు పిల్లలు ఎక్కువగా వదిలేసినవాటిలో మనసులో మాట ఒకటి. అంటే మనం ఎక్కువ సేపు ఆగాల్సిన చోటు అది. నీ పట్టికలో దానికి గడే లేదు. వాళ్ళ ఆరింటిలో లేని "నీతి"కి మాత్రం అన్నిటికంటే పెద్ద గడి ఇచ్చావు!

నీతి మాట ఎత్తితే నాకు పాత గాయం రేగుతుంది. ముప్పై ఏళ్ళు దాటింది. సింహాచలం గిరిప్రదక్షిణ మీద పిల్లల కథ ఒకటి రాసి ఒక పత్రికకి పంపాను. మామ్మతో కలిసి ముప్పై రెండు కిలోమీటర్లూ నడుస్తానని పంతం పట్టిన పిల్ల, మధ్యలో కాళ్ళు నొప్పెట్టి మావయ్య ఆటో ఎక్కేస్తుంది. చివర్లో ఆటో దిగి, నడిచే వచ్చానంటుంది. మామ్మ ఏమీ అనదు. రాత్రి కొబ్బరినూనె వెచ్చచేసి తన కాళ్ళకి రాసుకుని, ఆ పిల్ల కాళ్ళకి కూడా రాస్తుంది. అక్కడ కథ ఆపాను. అచ్చులో చూస్తే కింద ఒక వాక్యం ఉంది: "చూశారా పిల్లలూ, అబద్ధమాడితే పెద్దలకు తెలిసిపోతుంది!" ఆ ఎడిటరు గారు నన్ను అడగలేదు, చెప్పలేదు. మా పక్కవాటా పిల్ల అది చదివి వచ్చి, "మామ్మ కోప్పడిందాండీ?" అని అడిగింది. ఆ నూనె అంతా ఒలికిపోయింది. ముప్పై రూపాయల మనియార్డరు వస్తే పుచ్చుకున్నాను, అప్పట్లో అది నాకు అవసరం. ఈ రోజుకీ ఆ కాగితం బయటికి తీసి చూడలేను. నువ్వు పిల్లల కథలకి అదే పని చేస్తున్నావు, అందుకే ఇంత కటువుగా రాస్తున్నాను.

మరి ఏం చెప్పి మొదలుపెట్టాలని అడుగుతావు. ఏడు చేపల కథతో మొదలుపెట్టు. నీ పుస్తకంలో అది లేకపోవడం నాకు ఆశ్చర్యం. మీ బడి పిల్లల్లో సగం మంది పెదజాలారిపేట వాళ్ళే అన్నావు, చేపలు ఎండే ఇసక మీద నడిచి బడికొస్తారు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకెండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపా ఎందుకడ్డమొచ్చావంటే ఆవు మేయలేదు. గొల్లవాడు మేపలేదు, అవ్వ అన్నం పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా! లెక్కపెట్టు, ఏడు ప్రశ్నలు. కథ మొత్తం "ఎందుకు" మీదే నడుస్తుంది. నీతి ఎక్కడా లేదు, అయినా ఎన్ని తరాలుగా చెప్పుకుంటున్నామో చూడు.

ఇంకో సంగతి గమనించావా? ఈ కథలో ముందు జరిగింది చివర వస్తుంది. చీమ కుట్టడం మొదటిది, చేప ఎండకపోవడం చివరిది. పిల్లల్ని జరిగిన వరసలో చెప్పమను. "ఒక పిల్లాడు పుట్టలో వేలు పెట్టాడు, అందుకని చీమ కుట్టింది, అందుకని ఏడ్చాడు, అందుకని అవ్వ గొల్లవాడికి అన్నం పెట్టలేదు..." అంటూ చేప దాకా వస్తారు. వచ్చాక, ఏది బాగుంది అని అడుగు. మొదటిదే బాగుందంటారు. ఎందుకంటే రెండోదాంట్లో వాళ్ళకి తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. జరిగిన వరస వేరు, చెప్పే వరస వేరు అన్న పాఠం ఒక్క పారిభాషిక పదం లేకుండా నాలుగో తరగతికి వచ్చేసింది. ఆ తరవాత, ఆ చెప్పే వరసకి "ఇతివృత్తం" అన్న మాట చెప్పు, పట్టుకుంటారు.

ఈ కథ దగ్గరే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో సముద్రం పక్క బడికే వేశారు. ఇదే కథ చెబుతుంటే రెండో వరసలో ఒక పిల్ల లేచి, "టీచర్, గడ్డి అడ్డమొస్తే చేపని ఇటు తిప్పీసుకోవచ్చు కదా? మా అమ్మ తిప్పుతాది" అంది. క్లాసంతా నవ్వింది. ఇన్‌స్పెక్షను రోజులు, పాఠం పూర్తి చెయ్యాలన్న తొందర. "కూర్చో, కథలో అలా అడగకూడదు" అన్నాను. కూర్చుంది. ఆ ఏడాదంతా మళ్ళీ లేవలేదు. కథలో ఏది జరిగినా దానికి కారణం ఉండాలని, ఆ కారణం నిలబడాలని ఆ పిల్లకి అప్పటికే తెలుసు. కథకి కావాల్సిన తెలివి అదే. ఆ పిల్ల చేత "అయితే ఎవరూ ఎందుకు తిప్పలేదు?" అని ఇంకో ముడి వేయించి ఉండాల్సింది. రాజు కొడుకులకి చేపలు ఎండబెట్టడం తెలియదేమో! అక్కడ పాత్రలు పుట్టేవి. నేను నోరు మూయించాను. ఇప్పటికీ బీచ్ రోడ్డు మీద వెళుతూ ఎండుచేపల వాసన వస్తే ఆ పిల్ల ముఖం గుర్తొస్తుంది.

ఒకటి రెండు తరగతుల వాళ్ళకి ఎవరు, ఎక్కడ, ఏమైంది చాలు. అదీ రాయించొద్దు, ఆడించు. ఒకడు ఆవు, ఒకతె అవ్వ. మూడుకి వచ్చాక, కథలో ఉన్నవాడికి ఏం కావాలి, ఏది అడ్డమొచ్చింది అని అడుగు. "సంఘర్షణ" అన్న మాట నోరు తిరగని వాడికి కూడా "అడ్డం" అర్థమవుతుంది. ఐదుకి వచ్చేసరికి చీమ చేత కథ చెప్పించు. చీమకి రాజు తెలియదు, చేప తెలియదు. దాని కథ పైనుంచి ఊడిపడ్డ ఒక వేలుతో మొదలవుతుంది. చెప్పేవాళ్ళు మారితే కథ మారుతుందని పిల్లలు తమంతట తామే కనిపెడతారు.

స్థలానికి కూడా ఇలాంటి పరీక్షే పెట్టు. నువ్వు రాసిన పన్నెండు నమూనా కథల్లో తొమ్మిది "అనగనగా ఒక అడవిలో" జరిగాయి. కిటికీ తెరిస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడే పిల్లలమ్మా వాళ్ళు! అదే చేపని అరకు పట్టుకెళ్ళమను. పుష్యమాసం, పొద్దెక్కినా విడవని పొగమంచు. అక్కడ గడ్డిమోపు అడ్డం లేకపోయినా చేప ఎండదు. అంటే స్థలం కూడా ఒక కారణమే. తీసేస్తే కథ మారకపోతే అది స్థలం కాదు, చార్టు మీద అంటించిన బొమ్మ.

ఇంకొక్కటి. నీ రాతప్రతి చివర ఆ పిల్లాడి వాక్యాల్ని "సరిచేసిన రూపం" అని మళ్ళీ ఇచ్చావు: "మా తండ్రిగారు వేటకు వెళ్ళారు. ఇంకను రాలేదు." అది తీసెయ్. "ఏటకెల్లాడు" అన్నదాంట్లో వాళ్ళ పేట ఉంది, వాళ్ళ అయ్య ఉన్నాడు. వర్ణక్రమం తరవాత నేర్పుదువు గాని, వేరే పీరియడులో, వేరే కాగితం మీద.

పుస్తకం తిరిగి రాయి. ఆ మూడు వాక్యాల్ని నలభై రెండో పేజీ నుంచి తీసి మొదటి పేజీలో పెట్టు, కింద ఏమీ రాయకు. ఎన్ని నెలలు పట్టినా పరవాలేదు, మళ్ళీ చదువుతాను.

ఇది మాత్రం వెంటనే ఒక కార్డు ముక్క మీద రాసి పోస్టు చెయ్. ఆ రోజు వాళ్ళ అయ్య వచ్చాడా? నూట నలభై పేజీల్లో ఆ మాట ఎక్కడా రాయలేదు. అడిగావో లేదో కూడా తెలియలేదు.

ఆశీస్సులతో,
మీ మామ్మ