టెక్ సందేహాలు: తెల్ల చొక్కా గులాబీ రంగులో ఎందుకుంది?

ఈవారం వచ్చిన సందేహాల్లో ఐదు ఒకే సినిమా గురించి. జపాన్‌లోని స్టూడియో జిబ్లీ కోసం దర్శకుడు హయావో మియాజాకి తీసిన బొమ్మల సినిమా ‘స్పిరిటెడ్ అవే’. దేవతలు స్నానానికొచ్చే సత్రంలో పనికి కుదిరిన పదేళ్ల పిల్ల చిహిరో కథ. 2001లో విడుదలై, 2003లో ఆస్కార్ తెచ్చుకుంది. అందుకే ఈసారి ఫోన్ బ్యాటరీ ప్రశ్నలకు సెలవిచ్చాను.

మా బావ జపాన్ నుంచి వస్తూ ఈ సినిమా పాత డీవీడీ తెచ్చాడు. ఇంట్లో ప్లేయర్ దాన్ని తీసుకోలేదు. ల్యాప్‌టాప్‌లో పెడితే రీజియన్ (ఏ దేశాల డిస్కులు ఆడించాలో చెప్పే అంకె) మార్చమంది. మార్చి, టీవీకి కలిపి చూశాం. బొమ్మంతా ఎర్రగా ఉంది! కొత్త టీవీ, టెన్షన్‌గా ఉంది. వైరు లోపమా, టీవీ పోయిందా? (విజయవాడ పాఠకుడు)

టీవీ బాగుంది, వైరూ బాగుంది. ఎరుపు ఆ డిస్కులోనే ఉంది. 2002 జులైలో జపాన్‌లో ఈ డీవీడీ వచ్చినప్పుడే కొన్నవాళ్లు గొడవ చేశారు, థియేటర్లో చూసిన రంగులు ఇవి కావని. వ్యవహారం క్యోటో కోర్టు దాకా వెళ్లి, 2004లో రాజీతో ముగిసింది. పొరపాటేమీ జరగలేదు, రంగులు కావాలనే అలా సరిచేశాం అన్నది అమ్మినవాళ్ల మాట.

కావాలని ఎందుకు చేస్తారంటే, ఎక్కువమంది చెప్పే కారణం ఇది. అప్పట్లో జపాన్ ఇళ్లలో టీవీలు తెలుపును 9300 కెల్విన్ దగ్గర, అంటే కాస్త నీలం కొట్టేలా చూపేవి. వీడియో రంగులకు మామూలుగా పెట్టుకునే కొలత 6500. ఆ నీలాన్ని విరిచేందుకు డిస్కులో ఎరుపు పెంచారన్నమాట. కూరలో ఉప్పు తక్కువైందని అన్నంలో ఉప్పు కలిపితే ఆ పూటకి సరిపోతుంది. అదే అన్నాన్ని ఉప్పు సరిగ్గా ఉన్న కూరతో తింటే? మీ టీవీలో జరుగుతున్నది అదే.

సత్రం లోపలి సన్నివేశాలు చూసి రంగు తేల్చకండి. అక్కడ గోడలు, స్తంభాలు, దీపాలు అన్నీ ఎరుపే, తేడా దొరకదు. మొదట్లో కారులో వెళ్తున్నప్పుడు చిహిరో వేసుకున్న ఆకుపచ్చ చారల తెల్ల చొక్కా చూడండి. తెలుపు తెలుపులా లేదంటే మీది ఆ పాత డిస్కే. నీళ్ల మీద రైలు వెళ్లే చోట మబ్బులు కూడా పట్టించేస్తాయి.

మరమ్మతు సులువే. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో కలర్ టెంపరేచర్‌ను ‘వార్మ్’ నుంచి ‘కూల్’ వైపు జరపండి. ఇంకా ఎర్రగా ఉంటే వైట్ బ్యాలెన్స్‌లో ఎరుపు గెయిన్‌ను కొంచెం కొంచెంగా తగ్గించండి. ఇదంతా ఎప్పుడూ వాడని పిక్చర్ మోడ్ ఒకటి ఎంచుకుని అందులో చేయండి. లేదంటే రేపు వార్తలు చదివేవాళ్లంతా చలికి వణికినట్టు కనిపిస్తారు. ఇంత కుస్తీ వద్దనుకుంటే 2014లో వచ్చిన జపాన్ బ్లూరే కొనుక్కోవచ్చు, అందులో ఆ ఎరుపు లేదు. కానీ బ్లూరేలకూ రీజియన్లున్నాయి. జపాన్ ‘ఎ’, మనం ‘సి’. ప్లేయర్ ఏది ఆడిస్తుందో ముందే చూసుకోండి.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, ఎరుపుకన్నా అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. డీవీడీల్లో జపాన్ రీజియన్ 2, భారత్ 5. ల్యాప్‌టాప్ డ్రైవ్ రీజియన్‌ను 5 సార్లే మార్చనిస్తుంది. ఆ తర్వాత చివరగా పెట్టినదే శాశ్వతం. బావ డిస్కుకోసారి, ఇంట్లో డిస్కుకోసారి మారుస్తూ పోతే మన సినిమాల డీవీడీలు ఇక ఆ డ్రైవ్‌లో ఆడకపోవచ్చు. ముందు వీఎల్‌సీ ప్లేయర్‌తో ప్రయత్నించండి. చాలా డ్రైవ్‌లలో అది రీజియన్ గొడవ లేకుండానే ఆడించేస్తుంది.

అమ్మమ్మ కోసం ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చూస్తూ తెలుగులో ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిళ్ల) ఫైలు రాశాను. డీవీడీని వీఎల్‌సీలో పెట్టి, ఆ ఫైలు కలిపితే అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి. వారం రోజుల కష్టం! (గుంటూరు పాఠకురాలు)

డబ్బాలైతే భయం లేదు. ప్రశ్నార్థకాలు వచ్చుంటే నేనూ ఏడ్చేవాణ్ని. నోట్‌ప్యాడ్‌లో ‘ఆన్సీ’గా సేవ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, ఆ ఫైలు నుంచి వాటిని వెనక్కి తేలేం. డబ్బాలంటే అక్షరాలు క్షేమమే, చూపించడానికి ఫాంట్ లేదంతే. వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ పేజీ తెరిచి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టి, ఫాంట్‌గా విండోస్‌లో ఉండే ‘నిర్మలా యూఐ’ ఎంచుకోండి. అక్షరం సైజు పెద్దది పెట్టండి, అమ్మమ్మగారు కళ్లజోడు వెతుక్కునే పని తప్పుతుంది. మాట ముందూ వెనకా అవుతుంటే జీ, హెచ్ మీటలు నొక్కుతూ సర్దుకోవచ్చు. ఫైలును పెన్‌డ్రైవ్‌తో నేరుగా టీవీకి పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. చాలా టీవీలు మన ఒత్తులనూ గుణింతాలనూ విడగొట్టి పారేస్తాయి. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐతో టీవీకి కలపడమే మేలు.

సత్రం నడిపే మంత్రగత్తె యుబాబాను చూసి అమ్మమ్మగారు ఏమన్నారో రాయడం మరిచిపోకండి.

కొత్త టీవీలో ఈ సినిమా సీరియల్‌లా జారిపోతూ కనిపిస్తోంది. పరుగెత్తేటప్పుడు చేతుల చుట్టూ ఏదో చెరిపినట్టుంది. (హైదరాబాద్)

మోషన్ స్మూతింగ్. సెకనుకు 24 ఫ్రేములు ఉండే ఈ సినిమాలో ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలిపి ఉంచుతారు. ఆ విరుపులోనే కదలికకు బరువు వస్తుంది. మీ టీవీ ఊరుకోక మధ్యలో లేని బొమ్మల్ని సొంతంగా గీసి ఇరికిస్తోంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అనే పేర్లతో ఉంటుంది, ఆపేయండి. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అది పెట్టినా చాలు. క్రికెట్‌కు కావాలంటే మళ్లీ పెట్టుకోండి.

నా బ్రిటన్ డీవీడీలో సినిమా రెండు గంటలకే అయిపోతోంది. నెట్‌లో 125 నిమిషాలని ఉంది. కోసేశారా? (లండన్)

కోయలేదు. అక్కడి డీవీడీలు ‘పాల్’ అనే టీవీ పద్ధతివి. 24 ఫ్రేముల సినిమాను సెకనుకు 25 చొప్పున పరుగెత్తిస్తాయి. 125ను 24తో గుణించి 25తో భాగించండి, 120 వస్తుంది. గొంతులు కూడా పిసరంత సన్నగా వినిపిస్తాయి. అయినా ఈ స్టూడియో సినిమాలో కత్తెర వేయడం అంత తేలిక కాదు. మియాజాకి దీనికి ముందు తీసిన ‘ప్రిన్సెస్ మోనోనోకే’ను కుదించాలని అమెరికా పంపిణీదారు పట్టుబడితే, నిర్మాత తోషియో సుజుకి ఆయనకు సమురాయ్ ఖడ్గం ఒకటి కానుకిచ్చారు, ‘కోతలు వద్దు’ అనే మాటతో.

ఇండియాలో నెట్‌ఫ్లిక్స్‌లో చూశాను. ఇక్కడ డాలస్‌లో వెతికితే లేదు. (డాలస్)

నెట్‌ఫ్లిక్స్ 2020లో ఈ స్టూడియో సినిమాలు తీసుకున్నది అమెరికా, కెనడా, జపాన్ తప్ప మిగతా దేశాలకు. అమెరికాలో స్ట్రీమింగ్ హక్కులు హెచ్‌బీఓ మ్యాక్స్‌కు వెళ్లాయి, అక్కడ వెతకండి.