ముందు మాట రాయి, తర్వాత మార్కు వెయ్యి

అమ్మడూ,

నాసిక్‌లో వైన్ టేస్టింగ్ ప్యానెల్లో కూర్చోమన్నారని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఇక్కడ కవిటిలో మీ అమ్మ "ఆడపిల్ల మందు తాగి మార్కులెయ్యడమేంటి" అని ఒకటే గోల. తాగరే, నోట్లో తిప్పి పక్కన పెట్టిన డబ్బాలో ఉమ్మేస్తారు అని చెప్తే, అంత ఖరీదైనది ఉమ్మెయ్యడమేంటని ఇంకో గోల. ఆవిణ్ణి నేను చూసుకుంటా. ఓడల్లో ఇన్నేళ్లు వైన్ వడ్డించినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, విను.

మొహమాటపడి ఉమ్మడం మాత్రం మానకు. ప్రతిదీ మింగుతూ పోతే కాసేపటికి అన్ని గ్లాసులూ బ్రహ్మాండంగానే ఉంటాయి.

వెళ్లగానే మార్కులు ఎంతకి వెయ్యాలో, అంటే ఏ స్కేలో అడుగు. వంద పాయింట్ల పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో రాబర్ట్ పార్కర్ అనే వైన్ విమర్శకుడు, 1978లో సొంత వైన్ పత్రిక మొదలుపెట్టి. పేరుకే వంద, 50 ఊరికే ఇచ్చేస్తారు. మిగతా 50లో రంగుకి 5, వాసనకి 15, రుచికీ ఆ రుచి నోట్లో ఎంతసేపు నిలుస్తుందన్నదానికీ కలిపి 20, మొత్తం మీద నాణ్యతకి 10. రంగుకి ఐదే చూశావా, గ్లాసు లైటుకి ఎత్తిపట్టి పోజులు కొట్టేవాళ్లని చూసి టెన్షన్ పడకు. లండన్‌లో జాన్సిస్ రాబిన్సన్ లాంటి వైన్ విమర్శకులు 20కే వేస్తారు, అక్కడ అరమార్కు కూడా పెద్ద తేడానే.

ఇప్పుడు అసలు సంగతి. అంకె ముందు వెయ్యకు. గ్లాసు కదపకుండా ఒకసారి వాసన చూడు, తిప్పి మళ్లీ చూడు, అనిపించింది అనిపించినట్టు రాసెయ్. పనస తొన వాసనొస్తే పనస అనే రాయి, ఎప్పుడూ తినని బ్లాక్‌కరెంట్ పండు పేరు పక్కవాడి కాగితంలోంచి ఎత్తుకోకు. తర్వాత చిన్న గుక్క తీసుకుని, కాస్త గాలి లోపలికి లాగి నోరంతా తిప్పు. పులుపుంటే నాలుక పక్కల నీళ్లూరతాయి. టానిన్ అంటే, మన జీడిమామిడి పండు కొరికితే నోరంతా పట్టేస్తుందే, ఆ వగరే. రెడ్ వైన్లో అది ఉండాల్సిందే, కానీ పండు రుచిని నొక్కేసేంత ఉంటే మార్కు తగ్గించు. ఆల్కహాల్ ఎక్కువైతే గొంతు దగ్గర మంట తెలుస్తుంది. ఉమ్మేశాక రుచి ఎన్ని సెకన్లు ఉందో మనసులో లెక్కపెట్టుకో. ఇవన్నీ రాశాక మార్కు దానంతటదే వస్తుంది. నీకు తియ్యటివి ఇష్టమని తియ్యటిదానికి ఎక్కువ వేస్తే మాత్రం అది జడ్జి పని కాదు.

మిగతావాళ్లు నోరు తెరవకముందే నీ అంకె కాగితం మీద ఉండాలి. పెద్ద జడ్జిలు ఏదో దేవుళ్లని అనుకోకు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన, ఒకే సీసాలోని వైన్‌ని జడ్జిలకి తెలియకుండా మూడు గ్లాసుల్లో, మిగతావాటి మధ్యలో కలిపి ఇప్పించాడు. మూడింటికీ దగ్గరదగ్గరగా మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరే! అందుకే చివర్లో టైముంటే మొదటి రెండు గ్లాసుల దగ్గరికి మళ్లీ వెళ్లు, వాటిని రుచి చూసేటప్పటికి నోరు ఇంకా కుదురుకోదు కదా, వాటికి అన్యాయం జరుగుతుంది.

ఆ పొద్దున్న సెంటు వద్దు, మల్లెపూలు వద్దు, అల్లం టీ అసలే వద్దు. నీకే కాదు, పక్కన కూర్చున్నవాళ్ల ముక్కులు కూడా పాడవుతాయి. జలుబు చేస్తే రానని చెప్పెయ్.

ఇంకోటి, ఏదైనా గ్లాసులో తడిసిన అట్టపెట్టె వాసనొస్తే అది కార్కు పాడైన సీసా. దానికి తక్కువ మార్కు వేసి ఊరుకోకు, చెయ్యెత్తి రెండో సీసా తెరవమని అడుగు. నువ్వు అందరికంటే చిన్నదానివైనా సరే, అడుగు.

మావయ్య