పేరున్న కంపెనీని వదిలి తక్కువ వేసినవాడికి బస్ టెర్మినల్ పని ఎలా ఇస్తారు?

మీ ప్రశ్న ఇది: మీ నగరంలో కొత్త సిటీ బస్ టెర్మినల్‌కి టెండర్ పిలిచారు. రాష్ట్రమంతా పేరున్న కంపెనీ కూడా బిడ్ వేసింది. చివరికి పని మాత్రం అంచనా మీద 22 శాతం లెస్ వేసిన, మీరెప్పుడూ పేరు వినని సంస్థకు పోయింది. అగ్రిమెంట్ ఇంకా కాలేదు. లాలూచీ లేకుండా ఇలా జరుగుతుందా అని అడుగుతున్నారు.

జరుగుతుందండీ, మామూలుగానే జరుగుతుంది. లాలూచీ అసలుండదని నేననను. ఉంటే మాత్రం మీరు చూస్తున్న చోట ఉండదు. కృష్ణా, గుంటూరు వైపు ఒక కాంట్రాక్టరు ఆఫీసులో టెండర్ సెక్షన్ చూసుకుంటూ చాలాకాలం పనిచేశాను. బస్టాండ్లు, మార్కెట్ యార్డులు, మున్సిపల్ భవనాలు మా పనులు. ఆ కుర్చీలోంచి నాకు అర్థమైంది ఒకటే. ప్రైస్ బిడ్ (రేటు రాసిన భాగం) తెరిచే రోజుకి పెద్దగా తేలాల్సింది ఏమీ మిగలదు. ఎవరు పోటీలో ఉండొచ్చు, ఎవరు గడప దగ్గరే ఆగిపోవాలి అన్నది నోటిఫికేషన్‌లోని అర్హత షరతుల్లోనే తేలిపోయి ఉంటుంది.

ముందు ఆ 22 శాతం సంగతి చూద్దాం. మన దగ్గర ఎక్కువ పనులకు కాంట్రాక్టరు ఒక్కో ఐటమ్‌కి రేటు వేయడు. డిపార్ట్‌మెంటు ఆ ఏటి ఎస్‌ఎస్‌ఆర్ రేట్లతో, అంటే ప్రభుత్వ ప్రామాణిక రేట్లతో, అంచనా కట్టి పెడుతుంది. మనం దాని మీద ఒక్క శాతం రాయాలి: ఇంత లెస్ (తక్కువ), లేదా ఇంత ఎక్సెస్ (ఎక్కువ). ఉమ్మడి రాష్ట్రంలో 2003 జూలైలో వచ్చిన జీవో 94 ఈ పద్ధతికి వెన్నెముక. 5 శాతం మించి ఎక్సెస్ వేస్తే బిడ్ పక్కకు పోతుంది. 25 శాతం మించి లెస్ వేస్తే వేయొచ్చు గానీ, అంచనాలో 75 శాతానికీ తాను వేసిన మొత్తానికీ ఉన్న తేడాను బ్యాంకు గ్యారంటీగానో డీడీగానో అదనంగా కట్టాలి. 60 కోట్ల పనికి 30 శాతం లెస్ వేశాడనుకోండి, 42 కోట్లు. 75 శాతం అంటే 45 కోట్లు. ఆ 3 కోట్లు మామూలు డిపాజిట్‌కి పైన మరీ కట్టాలి. అందుకే గట్టి పోటీ ఉన్న పనుల్లో 24.9, 24.99 లాంటి అంకెలు చాలా కనిపిస్తాయి. మీవాడు వేసిన 22 ఆ గీతకు ఇవతలే ఉంది. అంటే లెక్క తెలిసినవాడే వేశాడు.

మరి 22 శాతం తక్కువకి పని ఎలా చేస్తాడు? దీనికి జవాబు చాలాసార్లు లీడ్ స్టేట్‌మెంట్‌లో దొరుకుతుంది. కంకర ఎక్కడి నుంచి, ఇసుక ఎక్కడి నుంచి, గ్రావెల్ ఎక్కడి నుంచి, ఒక్కోటి ఎన్ని కిలోమీటర్లు అని అంచనాతో పాటు ఒక పట్టిక ఉంటుంది. బస్ టెర్మినల్‌లో భవనం కంటే యార్డే పెద్దది. మెరక చేయడానికి గ్రావెల్, కింద జీఎస్‌బీ అనే కంకర పొర, పైన కాంక్రీటు అన్నీ లారీల లెక్కలే. అంచనాలో గ్రావెల్ క్వారీని 38 కిలోమీటర్ల దూరంలో చూపించి, కాంట్రాక్టరుకి 15 కిలోమీటర్లలో సొంత క్వారీ ఉందనుకోండి, మిగులు అక్కడే మొదలవుతుంది. దానికి తోడు సొంత బ్యాచింగ్ ప్లాంటు, సొంత టిప్పర్లు ఉంటే 22 శాతం పెద్ద సాహసం కాదు. మా ఆఫీసులో కొత్త టెండర్ పేపర్లు దిగగానే మా ఓనరు డ్రాయింగులు తర్వాత చూసేవాడు. ముందు లీడ్ పేజీ తెరిచి, డ్రైవర్‌ని పిలిచి, ‘ఈ క్వారీ ఇంకా నడుస్తోందా, మూతపడిందా కనుక్కో’ అనేవాడు.

ఇక పేరున్న కంపెనీ. పోటీలో ఓడిపోయిందని మీరు అనుకుంటున్నారు. అసలు దాని ప్రైస్ బిడ్ తెరిచారో లేదో ముందు కనుక్కోండి. బిడ్ కెపాసిటీకి, అంటే కంపెనీ ఇంకా ఎంత పని మోయగలదో లెక్కకట్టడానికి, 2ఏఎన్ మైనస్ బీ అని ఒక ఫార్ములా ఉంది. ఏ అంటే గడిచిన ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది చేసిన అత్యధిక పని విలువ, ఎన్ అంటే ఈ పనికి ఇచ్చిన గడువు ఏళ్లలో, బీ అంటే చేతిలో ఇప్పటికే ఉన్న పనుల్లో ఆ గడువులోగా చేయాల్సిన వాటి విలువ. ఏ 40 కోట్లు, గడువు ఏడాదిన్నర, చేతిలో 70 కోట్ల పనులు ఉన్నాయనుకుందాం. 120లోంచి 70 పోతే 50. మీ టెర్మినల్ అంచనా 60 కోట్లయితే ఆ కంపెనీ టెక్నికల్ బిడ్ దగ్గరే, అంటే అర్హత కాగితాలు చూసే దశలోనే, ఆగిపోతుంది. చేతినిండా పని ఉండటమే దాని లోటు అవుతుంది. ఇది అన్యాయం కాదు. ఆరు ఊళ్లలో పునాదులు తవ్వి మీ ఊరికి కూలీల్ని పంపలేని కంపెనీ మీకెందుకు? చేతిలో ఉన్న పనుల్ని తక్కువ చేసి చూపించేవాళ్లూ ఉంటారు. అవతలి కాంట్రాక్టర్లు దాన్ని పసిగట్టి, కాగితాలతో సహా ఫిర్యాదు చేస్తారు. ఈ రంగంలో అసలైన ఆడిట్ పోటీదారులే చేస్తారని నా అభిప్రాయం.

ఒకవేళ ఇద్దరిదీ ఒకే శాతం వస్తే లాటరీ వేస్తారని చాలామంది అనుకుంటారు. జీవో 94 ప్రకారం ముందు బిడ్ కెపాసిటీ ఎక్కువున్నవాడు, అదీ సమానమైతే టర్నోవర్ ఎక్కువున్నవాడు. ఎల్1ని (అందరికంటే తక్కువ వేసినవాణ్ని) పక్కన పెట్టి ‘పేరున్నవాడు కదా, ఎల్2ని పిలిచి ఆ రేటుకే చేయమందాం’ అనే వీలు అధికారికి ఉండదు. ఎల్1 వెనక్కి తగ్గితే అతని ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టిన డిపాజిట్) జప్తు చేసి మళ్లీ టెండర్ పిలవాల్సిందే. మీరు ఇంజనీరు చేతకానితనం అనుకుంటున్నది చాలావరకు ఆయన చేతులు కట్టేసిన నిబంధనే.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం: ‘సిమిలర్ వర్క్’ అనే ఒక్క వాక్యం. గతంలో ఇలాంటి పని ఇంత విలువకి చేసి ఉండాలి అనేదే ఆ షరతు. ‘ఇలాంటి’ అంటే ఏమిటో రాసే తీరులోనే టెండర్ మొత్తం ఉంటుంది. ఒక మున్సిపల్ కార్పొరేషన్ బస్ టెర్మినల్‌కి పిలిచినప్పుడు, గడిచిన ఐదేళ్లలో ఇన్ని బేలకు (బస్సులు ఆగే చోట్లకు) తగ్గని బస్ టెర్మినల్ ఒకే అగ్రిమెంటు కింద కట్టి ఉండాలని పెట్టారు. చదవడానికి ఎంత బాగుంది! బస్టాండు కట్టించుకునేటప్పుడు బస్టాండు కట్టినవాణ్నే అడగాలి కదా అనిపిస్తుంది. కానీ రాష్ట్రంలో అంత పెద్ద బస్టాండు పనులు ఏటా ఎన్ని వస్తాయి? ఆ షరతుకు సరిపోయేవాళ్లు ఒక చేతివేళ్ల మీద లెక్కకు వస్తారు. వాళ్లంతా ఒకరి ఫోన్ నంబర్లు ఒకరి దగ్గర ఉన్నవాళ్లే. ఇక రింగ్ అవడానికి, అంటే ముందే మాట్లాడుకుని రేట్లు వేయడానికి, ఎంతసేపు? ఒకడు 4.5 ఎక్సెస్, మిగతావాళ్లు 4.8, 4.9. పేపర్లో మాత్రం ‘పోటీ టెండర్లలో ఖరారు’ అని వస్తుంది.

మేము ప్రీబిడ్ మీటింగ్‌కి (బిడ్‌లకు ముందు సందేహాలు తీర్చే సమావేశానికి) ముందే రాతపూర్వకంగా అడిగాం. ఆర్‌సీసీ ఫ్రేమ్ భవనం, కాంక్రీటు యార్డు, డ్రైనేజీ ఉన్న ఏ ప్రభుత్వ పనైనా సిమిలర్ వర్క్‌గా ఎందుకు తీసుకోకూడదు, బస్ బేలో మాకు చేతకాని సాంకేతికత ఏముందో చెప్పండి అని. మీటింగ్‌లో ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) గారు కాగితం చదివి, పక్కనున్న కన్సల్టెంట్ వైపు చూశారు. కన్సల్టెంట్ ఇంకేదో ఫైలు తిరగేస్తూ కూర్చున్నాడు. తర్వాత కోరిజెండమ్ (సవరణ ప్రకటన) వచ్చింది, షరతు మారింది. బిడ్‌లు గతంలో ఊహించనన్ని పడ్డాయి, రేటు ఎక్సెస్ నుంచి లెస్‌కి దిగింది. పని మాకు రాలేదనుకోండి, అది వేరే విషయం. నేను చెప్పేదేంటంటే, కార్పొరేషన్‌కి డబ్బు మిగిలింది ఆ కోరిజెండమ్ వల్ల. ప్రైస్ బిడ్ తెరిచిన రోజున ఎవరో చూపించిన నిజాయితీ వల్ల కాదు.

షరతు ఎలా రాస్తే ఫలితం అలా వస్తుందనడానికి మనందరికీ తెలిసిన ఉదాహరణ హైదరాబాద్ మెట్రో. అది శాతం టెండర్ కాదు, పీపీపీ, అంటే ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీ కలిసి చేసే పని. ప్రభుత్వం నుంచి ఎవరు తక్కువ వయబిలిటీ గ్యాప్ గ్రాంటు (గిట్టుబాటు కాని మేరకు ఇచ్చే సాయం) అడిగితే వాళ్లకే పని అన్నారు. 2008లో మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం ‘మాకు గ్రాంటు అక్కర్లేదు, మేమే మీకు 30,311 కోట్లు ఎదురిస్తాం’ అంది. నిబంధన ప్రకారం వాళ్లే ఎల్1. అప్పుడు ఢిల్లీ మెట్రో అధిపతిగా ఉన్న శ్రీధరన్ గారు ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాసి, ఇది మెట్రో కంటే భూముల వ్యవహారంలా ఉందని హెచ్చరిస్తే, రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదే మండిపడింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. సత్యం అధిపతి రామలింగరాజు కుటుంబానిదే అయిన మేటాస్ మెట్రోకి నిధులు కూర్చుకోలేకపోయింది. జూలైలో ఒప్పందం రద్దయింది. 2010లో మళ్లీ పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్లు, ట్రాన్స్‌ట్రాయ్ 2,200 కోట్లు, రిలయన్స్ ఇన్‌ఫ్రా 2,991 కోట్ల గ్రాంటు అడిగాయి. లైన్లు అవే, ఊరు అదే. ఒకసారి ఎదురు 30 వేల కోట్లు, రెండేళ్లకి 1,458 కోట్ల గ్రాంటు. తేడా అంతా స్టేషన్లు, డిపోల దగ్గరి భూమి మీద వచ్చే ఆదాయాన్ని ఎవరెంత ఊహించుకున్నారన్నదే. 2017 నవంబరులో రైళ్లు నడవడం మొదలైంది. 2025లో ఆ ఎల్ అండ్ టీ కూడా తప్పుకోడానికి సిద్ధపడి, తెలంగాణ ప్రభుత్వం తీసుకోవడానికి ఒప్పుకుంది. అద్దెల మీద టెండర్ నిలబెడితే ఇదే గతి. మీ టెర్మినల్‌లో పై అంతస్తుల్లో షాపులు ఉన్నాయా? ఉంటే వాటి ఆదాయం ఏ లెక్కలో కలిపారో తప్పకుండా అడగండి.

రివర్స్ టెండరింగ్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చారు, ఎల్1 రేటు మీద మళ్లీ వేలం పాట. 2024లో తీసేశారు. అదే 2019లో 100 కోట్లు, ఆ పైన ఉన్న పనుల టెండర్ పత్రాల్ని ముందుగా ఒక న్యాయమూర్తి చూసి, వారం పాటు జనం అభిప్రాయాలకి పెట్టే చట్టం కూడా తెచ్చారు, తర్వాత అదీ రద్దయింది. నాకు మొదటిదాని కంటే రెండోదే నచ్చింది. అది చూసింది ధరని కాదు, షరతుల్ని కాబట్టి. నాణ్యతకి మార్కులు వేసే పద్ధతిని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో పనులకి కూడా కొన్ని ప్రత్యేక సందర్భాల్లో అనుమతించింది. ఆ మార్కులు 30 శాతం దాటకూడదు. మామూలు బస్టాండుకి దాన్ని వాడితే మార్కులు వేసే కమిటీ చుట్టూ కొత్త బేరం మొదలవుతుందని నా భయం.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెప్తాను. మూల్యాంకనం నడుస్తున్నప్పుడు అడిగితే వాణిజ్య రహస్యం అంటూ సమాచార హక్కు దరఖాస్తుని తిప్పికొట్టే అవకాశం ఎక్కువ. పని ఖరారైంది కాబట్టి ఇప్పుడు అడగండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ‘టెండర్ వివరాలు ఇవ్వగలరు’ అని రాయొద్దు, నోటిఫికేషన్ కాపీ ఒకటి చేతిలో పెడతారు. ప్రీబిడ్‌లో వచ్చిన ప్రశ్నలు, వాటికిచ్చిన జవాబులు, అన్ని కోరిజెండమ్‌లు, టెక్నికల్ బిడ్‌ల కంపారిటివ్ స్టేట్‌మెంట్ (అన్నిటినీ పోల్చిన పట్టిక), పక్కకు పెట్టిన బిడ్‌లకి రాసిన కారణాలు, లీడ్ స్టేట్‌మెంట్ అని పేరుపేరునా అడగండి. పేరున్న కంపెనీ ఎందుకు ఆగిందో కంపారిటివ్ స్టేట్‌మెంట్‌లో ఒక్క లైన్లో ఉంటుంది.

తక్కువ వేసినవాడు పోయిన డబ్బు రాబట్టుకునే చోటు టెండర్ కాదు, పని మధ్యలో వచ్చే సప్లిమెంటల్ ఐటమ్స్. ‘నేల మెత్తగా ఉంది, అంచనాలో లేని పైల్స్ కావాలి’ అంటే ఆ ఐటమ్‌కి కొత్త రేటు కడతారు, అక్కడ పోటీ ఉండదు. సప్లిమెంటల్ అగ్రిమెంటు ఎప్పుడు, ఎంతకి చేశారో అప్పుడప్పుడు అడుగుతూ ఉండండి. సైట్లో చూడదగ్గది ఒకటే చెప్తాను: బస్ బేలు. బస్సు ఒకేచోట ఆగి, బ్రేకు కొట్టి, అక్కడే తిరుగుతుంది. కారిన డీజిల్ తారుని కరిగించేస్తుంది. అందుకే అక్కడ కాంక్రీటు పేవ్‌మెంట్ వేయాలి. ‘బడ్జెట్ సరిపోలేదు’ అని బేలని బీటీకి (తారుకి) మార్చే ప్రతిపాదన ఏదైనా ఫైల్లో కదిలితే, అది స్టాండింగ్ కమిటీకి వచ్చే లోపే మీ కార్పొరేటర్ చెవిన వేయండి. స్లాబు పోసే రోజున బలం పరీక్షకి కాంక్రీటు క్యూబులు తీస్తున్నారా లేదా అన్నది గేటు బయటి నుంచి కూడా కనపడుతుంది. ఇనుప అచ్చులు వరసగా పెట్టి ఉంటాయి. క్యూబుల మీద తేదీ గీయకుండా తర్వాత ల్యాబులో రాసుకునేవాళ్లు ఉంటారు, అక్కడ ఫోటో తీసి పెట్టుకోండి.

పని పూర్తయ్యాక రెండేళ్లు డిఫెక్ట్ లయబిలిటీ, అంటే లోపాలు బయటపడితే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు. బిల్లుల్లోంచి పట్టుకున్న డిపాజిట్‌లో కొంత ఆ రెండేళ్లూ కార్పొరేషన్ దగ్గరే ఉంటుంది. రెండో వానాకాలం అయిపోయేలోపు ఎక్కడెక్కడ నీళ్లు నిలుస్తున్నాయో రాసి కమిషనర్‌కి ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఆ డబ్బు తిరిగిచ్చేశాక రిపేరు ఖర్చు కార్పొరేషన్ నెత్తి మీదే పడుతుంది, కాంట్రాక్టరు ఫోను కూడా ఎత్తడు.