మానిటర్ కొనేముందు లాప్‌టాప్ పోర్టులు చూస్కో

అమ్మలూ,

నీ మెసేజ్ చూశా. 27 అంగుళాల 4కె మానిటర్ లింక్ పంపి ఇది తీసేస్కోనా బాబాయ్ అన్నావు, ఒక్క రోజు ఆగు. మానిటర్ మంచిదే, వంక పెట్టడానికేం లేదు, కానీ నీకు ఆఫీసువాళ్లిచ్చిన లాప్‌టాప్ దాన్ని పూర్తిగా నడపగలదా లేదా తేలకుండా డబ్బులు కట్టొద్దు. నా సర్వీసు మొత్తం ఈ వైర్ల మధ్యే గడిచింది, మానిటర్ బాలేదని నా దగ్గరికి తెచ్చినవాటిల్లో చాలా వాటికి మానిటర్‌లో ఏ లోపమూ ఉండదు, పోర్టో కేబులో సరిపోక వచ్చిన తంటా అది.

ముందు లాప్‌టాప్ పక్కలు రెండూ ఫోటో తీసి మోడల్ నంబర్ రాసిపెట్టుకో. హెచ్‌డీఎంఐ పోర్ట్ ఉంది కదా అంటావు, ఉంది, కానీ అది ఏ వెర్షన్ అన్నదే అసలు సంగతి. 1.4 అయితే 4కె బొమ్మ వస్తది గానీ సెకనుకి 30 సార్లే మారుద్ది, మౌస్ కదిపితే బాణం వెనకాల ఈడ్చుకుంటూ వచ్చినట్టు ఉంటది, రోజంతా కోడ్ చూసేదానివి కళ్లు లాగేస్తాయి తల్లీ. 4కె 60 హెర్ట్జ్‌లో, అంటే బొమ్మ సెకనుకి 60 సార్లు మారేలా, కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి, అది 2013లో వచ్చింది, కానీ ఆ తర్వాత తయారైన లాప్‌టాప్‌ల్లో కూడా 1.4 పెట్టినవి బోలెడున్నాయి, అందుకే కొన్న సంవత్సరం చూసి లెక్కేస్కోకు, కంపెనీ సైట్‌లో ఆ మోడల్ స్పెక్ పేజీ, అంటే వివరాల పట్టిక, తెరిచి చూడు. ఇంకోటి, పెట్టె మీద 2.1 అని రాసుంటే మురిసిపోవద్దు, ఇప్పటి రూల్స్ ప్రకారం 2.0 స్పీడే ఉన్నదాన్ని కూడా 2.1 అని అమ్మొచ్చు, కాబట్టి నంబర్ వదిలేసి ఏ రిజల్యూషన్‌కి, అంటే తెర మీద ఎన్ని చుక్కలకి, ఎన్ని హెర్ట్జ్ ఇస్తుందో ఆ లైన్ వెతుకు.

టైప్‌-సి పోర్ట్ సంగతి ఇంకా జాగ్రత్త. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కొన్నిట్లో బొమ్మ వస్తది, కొన్నిట్లో డేటా, చార్జింగ్ మాత్రమే. పోర్ట్ పక్కన డి అక్షరంలో పి ఇరికించినట్టు ఉండే డిస్‌ప్లేపోర్ట్ (హెచ్‌డీఎంఐ లాగే బొమ్మ పంపే ఇంకో పద్ధతి) గుర్తు గానీ, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉంటే బొమ్మ వస్తది. ఏ గుర్తూ లేకపోతే రాదని కాదు, స్పెక్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అని, అంటే ఆ పోర్ట్‌లోంచే బొమ్మ కూడా పంపే పద్ధతి, ఉందేమో చూడు. అది ఉంటే మాత్రం నీ అదృష్టం, ఎందుకంటే టైప్‌-సి ఉండి దాంట్లోంచి చార్జింగ్ కూడా ఇచ్చే మానిటర్ తీస్కుంటే, లాప్‌టాప్ కూడా ఆ పోర్ట్‌లో చార్జ్ అయ్యేదైతే, ఒక్క వైరుతోనే బొమ్మ, సౌండ్, లాప్‌టాప్ చార్జింగ్ మూడూ అయిపోతాయి, ఆ చిన్న గదిలో టేబుల్ మీద వైర్ల చిక్కు ఉండదు. కాకపోతే నీ చార్జర్ ఇటుక మీద ఏం రాసుందో చూస్కో, 20 వోల్ట్స్ 3.25 ఆంప్స్ అంటే 65 వాట్స్, మానిటర్ కూడా కనీసం అంత ఇవ్వాలి. ఫోన్‌తో వచ్చిన టైప్‌-సి కేబుల్ పెట్టి బొమ్మ రావట్లేదని కంగారుపడకు, అవి ఎక్కువగా చార్జింగ్ కోసం చేసినవి, బొమ్మని మోసే తీగలు వాటిల్లో ఉండవు. మానిటర్ పెట్టెలో వచ్చిన కేబులే వాడు.

ఇప్పుడు అడాప్టర్లు. ఇక్కడే జనం ఎక్కువ మోసపోయేది. బోరు పైపుకి వాల్వ్ పెడతారు చూడు, నీళ్లు ఒక వైపుకే పోతాయి వెనక్కి రావు, ఇవీ అంతే. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి అని అమ్మే కేబుల్‌ని తిప్పి పెడితే, అంటే లాప్‌టాప్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్ పెడితే ఏమీ రాదు, దానికి వేరే కన్వర్టర్ కావాలి, మామూలుగా దానికి యూఎస్‌బీ నుంచి కరెంట్ కూడా ఇవ్వాలి. అందుకే షాపులో ఈ రెండిటికీ మధ్య అడాప్టర్ ఇవ్వండి అని అడక్కు, లాప్‌టాప్‌లో ఇది ఉంది, మానిటర్‌లో అది ఉంది, బొమ్మ ఇటు నుంచి అటు పోవాలి అని విడమర్చి చెప్పు. అసలు వీలైతే అడాప్టరే లేకుండా రెండు వైపులా ఒకటే పోర్ట్ కలిసే మానిటర్ చూస్కో, ఒకదానికి ఒకటి తగిలించి మూడు ముక్కలు చేశావంటే ఎక్కడ తేడా కొడుతుందో పట్టుకోలేవు.

రెండు మానిటర్లు పెట్టుకుంటా అని కూడా అన్నావు. యూఎస్‌బీలో గుచ్చితే చాలు బొమ్మ వచ్చేస్తది అని అమ్మే డిస్‌ప్లేలింక్ అడాప్టర్లు ఉన్నాయి, అవి పని చేస్తాయి, కానీ వాటికి డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, ఆఫీసు లాప్‌టాప్‌లో నీకు ఆ పర్మిషన్ ఉండకపోవచ్చు. ముందు మీ ఐటీ వాళ్లని అడుగు.

మీ నాన్న పాత డెస్క్‌టాప్‌కి కూడా ఇదే మానిటర్ వాడుకుంటాం అంది వదిన ఫోన్‌లో. దానికి వెనకాల నీలం రంగు వీజీఏ ఒక్కటే ఉందనుకో, అది 1987 నాటి అనలాగ్ పద్ధతి, 4కె మానిటర్లలో ఆ పోర్ట్ దాదాపు ఉండదు. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ దొరుకుద్ది, కానీ షాపుల్లో ఎక్కువగా ఉండేది దానికి ఉల్టా, లాప్‌టాప్ హెచ్‌డీఎంఐని పాత ప్రొజెక్టర్‌కి కలిపేది, అది తెచ్చుకుంటే దండగ. తెల్లటి వెడల్పు డీవీఐ పోర్ట్ ఉంటే మాత్రం డీవీఐ-హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటి చాలు, సౌండ్ మాత్రం దాంట్లో వస్తుందని ఆశపడొద్దు, స్పీకర్లు విడిగా పెట్టుకోవాలి. ఆ డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ వేసి ఉంటే కేబుల్ ఆ కార్డ్‌కే పెట్టమను, పైన మదర్‌బోర్డ్‌కి కాదు.

సైజు గురించి కూడా అడిగావు కదా. నీ లాప్‌టాప్ 4కెని 60లో ఇవ్వలేదని తేలితే దిగులేం వద్దు, 27 అంగుళాల్లో 2560 బై 1440 చుక్కల రిజల్యూషన్ ఉన్నది తీస్కో, అక్షరాలు శుభ్రంగా ఉంటాయి, హెచ్‌డీఎంఐ 1.4 కూడా దాన్ని 60 హెర్ట్జ్‌లో మోయగలదు, కాకపోతే లాప్‌టాప్ స్పెక్‌లో ఆ రిజల్యూషన్ ఉందో లేదో ఓసారి చూడు. నీ పనికి ఇది చాలు అనే నా ఉద్దేశం. 27లో మామూలు ఫుల్ హెచ్‌డీ (1920 బై 1080) మాత్రం వద్దు, అక్షరాలు మసగ్గా కనిపిస్తాయి, ఫుల్ హెచ్‌డీయే కావాలంటే 24 దగ్గర ఆగు. 144 హెర్ట్జ్ గేమ్స్ ఆడేవాళ్లకి, దానికి డబ్బు పెట్టకు. స్టాండ్ ఎత్తు పెరిగి తగ్గేది ఉంటే దానికి ఇంకాస్త పెట్టినా పర్లేదు, మెడ నీది.

నా మాట వింటే ఆదివారం కాకుండా మామూలు రోజు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ కాంప్లెక్స్‌కి వెళ్లు, లాప్‌టాప్ తీస్కెళ్లు, షాపులోనే కేబుల్ పెట్టించి విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి 30 చూపిస్తోందా 60 చూపిస్తోందా కళ్లతో చూసి అప్పుడు బిల్ వేయించు. చచ్చిన పిక్సెల్స్, అంటే తెర మీద వెలగని చుక్కలు, ఎన్ని ఉంటే మారుస్తారో కూడా అక్కడే అడుగు, కంపెనీకో లెక్క ఉంటది. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు అయ్యేదాకా పెట్టె, లోపలి థర్మాకోల్ పారేయకు. ఈ రాత్రికి ఆ రెండు ఫోటోలూ, డెస్క్‌టాప్ వెనక వైపుదీ వాట్సాప్ చెయ్యి, నేను చూసి ఏ కేబుల్ కావాలో రాసి పంపిస్తా.

మీ బాబాయ్